మంచం మీద బేగంపేటకు

ఇంకా తెల్లవారలేదు. జీవమణి అత్తగారి సంచి మళ్ళీ విప్పి సర్దుతోంది. అడుగున రెండు తెల్లచీరలు, వాటి మీద పుట్టబోయే పసివాడికి ఉన్నిటోపీ, పక్కన శొంఠి, పిప్పళ్ళు, పైన కళ్ళజోడు. కళ్ళజోడు పైన ఉంటే విరుగుతుందని తీసి అడుగున పెట్టింది. అడుగున ఉంటే దొరకదని తీసి పైన పెట్టింది. సంచి మూతి బిగిస్తే ఇక మనిషి వెళ్ళడమొక్కటే మిగులుతుంది. అందుకని బిగించినట్టే బిగించి మళ్ళీ విప్పుతోంది.

అత్తగారు మగ్దలీనమ్మ కూతురి పురుడు కోసం బాపట్ల వెళుతోంది. ఎండలు ముదరకముందే తిరిగి వస్తానని మనవళ్ళిద్దరికీ మాట ఇచ్చింది. ఆమెకు రైలెక్కితే వాంతులవుతాయి. ఎవరో చెబితే జాజికాయ అరగదీసి పాలల్లో కలుపుకుని తాగింది. చాలదేమోనని ఇంకాస్త అరగదీసి తాగింది. ఇప్పుడు నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూతపడకుండా ఉండాలని పాటుపడుతోంది.

అది పందొమ్మిది వందల నలభై మూడు, మాఘమాసం. కొడుకు దయారత్నం సోమాజిగూడలో ఒక మిషను బడిలో లెక్కల మాస్టరు. బాపట్ల నుంచి హైదరాబాదు రైల్లో ఒక రాత్రి దూరమే అయినా అది వేరే రాజ్యం. రూపాయి వేరు, తపాలా బిళ్ళ వేరు, కచేరీలో భాష వేరు. ఇటువంటి పరదేశులను ఇక్కడ గైర్‌ముల్కీలంటారు. వాళ్ళకు ఇల్లు దొరకడం గగనం. ఒకచోట మాంసం తింటారని ఇవ్వలేదు. ఇంకొకచోట పాటలు పాడతారని ఇవ్వలేదు. యూసుఫ్‌గూడలో ఒకాయన ఇస్తానని ఒప్పుకుని, దయారత్నం కృతజ్ఞతతో చెప్పిన నాలుగు మాటలూ విని, ఇదేం భాషో తనకు అంతుబట్టడం లేదని తలుపు వేసుకున్నాడు. దయారత్నం మాట్లాడింది తెలుగే.

చివరికి అమీర్‌పేటలో రాజనర్సయ్య దయతలిచాడు. ఆయన ఒకప్పుడు పెద్ద సేద్యం చేసినవాడు. భూములు బంగళాల కింద పోగా రెండిళ్ళు మిగిలాయి. ఒకదానిలో తానుండి, పక్కది కిరాయికి ఇస్తాడు. మాంసం మీద గానీ పాటల మీద గానీ ఆయనకు పట్టింపు లేదు. ఒక్కటే షరతు పెట్టాడు.

"చూడు సారూ, కిరాయి మాట తర్వాత. నా ఇంట్ల ఎవ్వరు సావొద్దు. గంతే."

వెనకటి కిరాయిదారు ఒకాయన ధనిష్ఠా నక్షత్రంలో కన్నుమూశాడట. ఆ నక్షత్రంలో పోతే ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి. గుమ్మానికి తుమ్మకంప అడ్డం పెట్టి ఆరు నెలలూ ఆ ఇంటిని ఖాళీగా చూస్తూ కూర్చున్నాడు రాజనర్సయ్య. మళ్ళీ అటువంటిది జరిగితే ఎవరినైనా సరే ఆ రోజే ఖాళీ చేయిస్తానన్నాడు. దయారత్నం తన తరఫునా, భార్యాపిల్లల తరఫునా, తల్లి తరఫునా ఎవరూ చావబోమని మాట ఇచ్చి లోపలికి వచ్చాడు. ఆ ఇల్లు పోతే ఇంకొకటి దొరకదు. జీవమణి పిల్లలతో బాపట్ల వెళ్ళిపోవాలి, అతను బడి బల్లల మీద పడుకోవాలి. సంసారం రెండు రాజ్యాల్లో రెండు పొయ్యిలవుతుంది. అందుకే వచ్చిన దగ్గర్నుంచీ అతను భార్యకు ఒకే మాట చెబుతున్నాడు. ఇక్కడివాళ్ళు ఏ మర్యాద చేసినా కాదనవద్దు, ఎందుకని అడగవద్దు.

సంచి మూతి ఎట్టకేలకు బిగిసే వేళకు పాస్టరుగారి భార్య నవోమమ్మ నలుగురైదుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. ఇంట్లోంచి ఎవరైనా దూరప్రయాణం వెళితే ముందుగా ప్రార్థన చేసి పంపడం వాళ్ళలో ఆనవాయితీ. ప్రార్థన కనుక అందరూ తెల్లచీరలే కట్టుకుని వచ్చారు. మంచం చుట్టూ చాపలు పరిచి కూర్చుని, చలికి వణుకుతున్న గొంతులతో ఒక నిదానమైన పాట ఎత్తుకున్నారు. పాట అయ్యాక నవోమమ్మ ప్రార్థనలోకి దిగింది. ఆమె వానకోసం ప్రార్థించినా ఏడుస్తుంది, వాన వెలిసినందుకు ప్రార్థించినా ఏడుస్తుంది. ఇక ప్రయాణమంటే చెప్పేదేముంది. గుండెమీద చెయ్యివేసి కొట్టుకుంటూ, దారిలో వచ్చే వంతెనలన్నిటినీ పేరుపేరునా దేవుడికి అప్పగించసాగింది. మగ్దలీనమ్మ రెండో కన్ను కూడా మూతపడింది.

ఆ సమయంలో రాజనర్సయ్య భార్య వజ్రమ్మ పిడకల కోసం పెరట్లోకి వచ్చి, గోడమీదుగా చూసింది.

జీవమణి ఆదివారం తెల్లచీర కట్టుకుని గుడికి వెళ్ళడం ఆమె ఎరుగును. కానీ బుధవారం నాడు, పొద్దు పొడవకముందే, ఇంటినిండా తెల్లచీరలు, మధ్యలో మంచం మీద కదలకుండా ముసలమ్మ, పక్కన ఏడుపు చూసేసరికి ఆమె చేతిలో పిడక చేతిలోనే ఉండిపోయింది. దాంతోనే లోపలికి పరుగెత్తి మొగుణ్ణి లేపింది.

"ఏమయ్యా, లే. ముసలవ్వ పని అయిపోతున్నట్టున్నది. ఇంటినిండ తెల్లచీరలే. ఒకామె గుండె కొట్టుకుంట ఏడుస్తున్నది."

"నువ్వు అడిగినవా?"

"ఎట్ల అడుగుత? మీ అత్త సస్తున్నదా అని అడుగుతరా ఎవలన్న?"

రాజనర్సయ్యకు ఆ మాట సబబుగానే తోచింది. అడగకూడని దాన్ని అడగకుండా పంచాంగం చూసే బుచ్చయ్య ఇంటికి వెళ్ళాడు. బుచ్చయ్య దీపం దగ్గర పంచాంగం తిప్పి, ధనిష్ఠ నడుస్తోందని చెప్పాడు. రాజనర్సయ్య అరుగు మీద కూలబడ్డాడు. తుమ్మకంప కళ్ళముందు కదిలింది. బుచ్చయ్య ఆయన భుజం తట్టి ఉపాయం కూడా చెప్పాడు. ప్రాణం కప్పు కింద పోతేనే ఇంటికి దోషం. ఆకాశం కింద పోతే ఇంటికేమీ లేదు.

ఆ వెంటనే రాజనర్సయ్య పక్కింటి కనకయ్యనూ, మరో ఇద్దరినీ లేపుకుని వచ్చాడు. గుమ్మంలోంచి తొంగిచూస్తే లోపల అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుని ఉన్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళను కదిలించడం పాపమని నలుగురూ కాళ్ళ చప్పుడు కాకుండా వెళ్ళి, మంచానికి తలో కోడు పట్టుకుని, ఎత్తి, బయటికి తెచ్చి వాకిట్లో దింపారు. నవోమమ్మ అప్పటికి కృష్ణ మీది వంతెన దగ్గర ఉంది. ఆమె బాపట్ల చేరి, అందరూ ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి మధ్యలో మంచం లేదు.

వాకిట్లో మంచు పడుతోంది. నిద్రలోనే చలివేసి మగ్దలీనమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఆ లాక్కోవడం ఎవరూ చూడలేదు. వజ్రమ్మ వచ్చి పాదాలు తాకి చూసింది. తెల్లవారుజామునే చన్నీళ్ళతో కడుక్కున్న పాదాలు మంచుముక్కల్లా ఉన్నాయి. కనకయ్య దుప్పటి మీద, ముక్కు ఉండాల్సిన చోట చెయ్యిపెట్టి, తల అడ్డంగా ఊపాడు. అతని చెయ్యి నిజానికి ఆమె నుదుటి మీద ఉంది.

రాజనర్సయ్య ఆకాశంకేసి చూసి దండం పెట్టాడు. ఇల్లు దక్కింది. ఆ ఉపశమనంలోంచే ఆయనకు ముసలమ్మ మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. ఊరుగాని ఊళ్ళో, రాజ్యంగాని రాజ్యంలో పోయింది. తనవాళ్ళంటూ ఒక్కరు లేరు. సరిగ్గా వాకిట్లోకి తెచ్చేదాకా ఆగి పోయింది, ఎంత మంచి మనిషి. ఈమెను ఊరేగించకపోతే అమీర్‌పేటకే మాట. వెంటనే డప్పు హనుమాండ్లుకు కబురు పంపాడు.

దయారత్నం కుటుంబమంతా బయటికి వచ్చింది. రాజనర్సయ్య దయారత్నం రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సారూ, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. మీకు ఈడ ఎవ్వరు లేరనుకోకుండ్రి. మేం నలుగురం లేమా? మా భుజాల మీద తీస్కపోతం."

దయారత్నం మిషను కాంపౌండులో పుట్టి, మిషను హాస్టలులో పెరిగినవాడు. అతను చూసిన చావులన్నీ పెట్టెల్లోనే జరిగాయి. అందుకని ఇదొక స్థానిక మర్యాద అనుకున్నాడు. పెద్దవాళ్ళు ప్రయాణమైతే మంచం మీద స్టేషనుకు తీసుకువెళతారు కాబోలు. అమ్మకు నిద్రాభంగం కూడా ఉండదు. అతని కళ్ళు చెమర్చాయి. అది చూసి రాజనర్సయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"టాంగా చెప్పామండీ, వచ్చేస్తుంది," అంది జీవమణి.

"టాంగ ఎందుకు బిడ్డా," అని వజ్రమ్మ ఆమెను కౌగిలించుకుని ఏడ్చింది. టాంగావాడు వస్తే అతన్ని వెనక్కి పంపేశారు.

హనుమాండ్లు వచ్చి డప్పు కాచుకుని మొదలుపెట్టాడు. జీవమణి భర్త వైపు చూసింది. ఇక్కడ పీర్ల పండుగకూ డప్పే, పెళ్ళికీ డప్పేనని అతను మెల్లగా చెప్పాడు. అంతలో రాజనర్సయ్య తాడుకట్టిన కుండలో నిప్పులు పోసి తెచ్చి అతని చేతికిచ్చి, ముందు నడవమన్నాడు. ఇంత చలిలో చేతులు కాచుకోవడానికి కూడా ఏర్పాటు చేసినందుకు దయారత్నం ఆయనకు వంగి నమస్కారం చేశాడు. తల్లి పోయిన దుఃఖంలో కూడా ఇంత వినయమా అని కనకయ్య ఆశ్చర్యపోయాడు.

ఆడవాళ్ళు వెంట రాకూడదని వజ్రమ్మ ఎంతగానో చెప్పింది. స్టేషను దాకా సాగనంపకుండా ఎలా ఉంటామని నవోమమ్మ వినలేదు. అలా ముందు నిప్పుకుండతో దయారత్నం, తరువాత డప్పు, తరువాత మంచం, దాని వెనక సంచి పట్టుకుని పిల్లలతో జీవమణి, ఆమె వెనక తెల్లచీరల పాట బయలుదేరాయి. కొంతదూరం పాటకూ డప్పుకూ పొత్తు కుదరలేదు. ఆ తరువాత హనుమాండ్లు కళాకారుడు కనుక తానే సర్దుకున్నాడు. దారిలో జనం పక్కకు తప్పుకుని దండాలు పెట్టారు. సైకిలు మీద వస్తున్న ఒక పెద్దమనిషి దిగి, ఎర్రటోపీ తీసి నిలబడ్డాడు. దయారత్నం ప్రతి ఒక్కరికీ చిరునవ్వుతో తల వంచి నడిచాడు. బాపట్లలో బిషప్పుగారికి కూడా ఇంత మర్యాద జరగలేదనుకున్నాడు.

అడ్డరోడ్డు వచ్చింది. ఎడమకు తిరిగితే బేగంపేట స్టేషను. కుడికి తిరిగితే పంజాగుట్ట, అక్కడ శ్మశానం. మంచం కుడికి తిరిగింది.

జీవమణి గబగబా నడిచి భర్త పక్కకు వచ్చింది. "ఏవండీ, స్టేషను అటు కదా."

"వాళ్ళకి వర్జ్యాలూ దిక్కులూ పట్టింపులుంటాయి. చుట్టూ తిప్పి తీసుకెళ్తారు."

"రైలు ఆగుతుందా?"

"ఇల్లు కోసం ఎంత తిరిగామో మర్చిపోయావా? అడగొద్దు. నడువు."

జీవమణి నడిచింది. కానీ ఆమె చూపు రైలుకట్ట వైపే ఉంది. అత్తగారు రైలు తప్పిపోతే ఇంట్లో ఇంకొక రోజు ఉంటుందన్న ఆలోచన వచ్చి, ఆ ఆలోచనకు సంతోషం కలిగి, ఆ సంతోషానికి సిగ్గుపడి, సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

పంజాగుట్ట బండల దగ్గర మంచం దింపారు. అది దింపుడు కళ్ళం. శవాన్ని కాటికి చేర్చేముందు అక్కడ ఒకసారి దింపి, కొడుకు చేత చెవిలో మూడుసార్లు పిలిపిస్తారు. ప్రాణమేదైనా మిగిలి ఉంటే పలుకుతారని పెద్దవాళ్ళు పెట్టిన ఆచారం. అక్కడ పలికిన మనిషిని అమీర్‌పేటలో ఎవరూ ఎరుగరు.

డప్పు ఆగింది. రాజనర్సయ్య ముందుకు వచ్చి, "సారూ, అమ్మ చెవుల మూడుమాట్ల పిలువుండ్రి," అన్నాడు.

దయారత్నానికి ప్రాణం లేచివచ్చింది. రైలు వేళ మించిపోతోంది, అమ్మను ఎలా లేపాలా అని అతను అప్పటికే సతమతమవుతున్నాడు. నిప్పుకుండ కనకయ్య చేతికిచ్చి, వంగి, తరగతిలో వెనక బల్లవాళ్ళకు వినిపించే గొంతుతో పిలిచాడు.

"అమ్మా."

జనం తలలు వంచారు.

"అమ్మా."

తెల్లచీరల్లో ఒకామె ఆవులించింది.

"అమ్మా, లే."

దుప్పటి కదిలింది. మగ్దలీనమ్మ లేచి కూర్చుని, దుప్పటి ముఖం మీంచి తీసి, చుట్టూ చూసింది.

"ఏరా దయా, బేగంపేట వచ్చిందా? నా సంచేదీ?"

కనకయ్య నిప్పుకుండ వదిలేసి ఎదురుగా ఉన్న బండ ఎక్కాడు. ఆ బండ ఎక్కడం మామూలు రోజుల్లో మేకలకే సాధ్యం. హనుమాండ్లు డప్పును అక్కడే వదిలి యూసుఫ్‌గూడ దిక్కుగా పోయాడు. డప్పు తనంతట తాను కొంతదూరం దొర్లి ఆగింది. రాజనర్సయ్య ఒక్కడే నిలబడ్డాడు. ఆయన ధైర్యవంతుడని తరువాత చాలామంది చెప్పుకున్నారు గానీ, ఆయన పంచె అంచు మంచం కోడు కింద చిక్కుకుంది.

"సారూ," అన్నాడు చివరికి. "అమ్మ సచ్చిపోలేదా?"

"అయ్యో, అదేమిటండీ. మా చెల్లెలి పురుడుకి బాపట్ల వెళ్తోంది."

"మరి గా తెల్లచీరలు?"

"ప్రార్థనకి."

"ఏడుపు?"

"నవోమమ్మగారు ప్రార్థన అలాగే చేస్తారు."

"మరి కండ్లు మూసుకొని కట్టెలెక్క పడి ఉన్నది గద?"

"జాజికాయ," అన్నాడు దయారత్నం. అన్నాక అతనికి నిప్పుకుండ గుర్తొచ్చింది. డప్పు గుర్తొచ్చింది. దండాలు పెట్టిన జనం గుర్తొచ్చారు. తాను వాళ్ళందరికీ ఇచ్చిన చిరునవ్వులు ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, అతను మంచం అంచున తల్లి పక్కన కూర్చుండిపోయాడు.

దూరంగా రైలు కూత వినిపించింది. దాంతో రాజనర్సయ్య పంచె లాక్కుని ఎగ్గట్టి, బండ మీది కనకయ్యను దిగమని కేకేశాడు. "దా రా. బతికిన మనిషి బరువుండదు, పట్టు," అన్నాడు. మంచం మళ్ళీ లేచింది. ఈసారి పరుగు. దారిలో దండాలు పెట్టి పంపిన జనమే, శవం కూర్చుని దుప్పటి కప్పుకుని ఎదురుగా పరుగున రావడం చూసి దుకాణాల్లోకి దూరారు. సైకిలు పెద్దమనిషి ఈసారి టోపీ తీయలేదు, సైకిలే వదిలేశాడు.

రైలు అందింది. మంచాన్ని పెట్టె గుమ్మం దాకా తీసుకుపోయి ఆమెను దింపారు. మగ్దలీనమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, పిల్లల తలలు నిమిరి, రాజనర్సయ్యను దగ్గరికి పిలిచింది.

"నాయనా, మా ఊళ్ళో ఎవరూ ఇలా సాగనంపరు. మళ్ళీ వస్తాను. వచ్చి, మళ్ళీ వెళ్ళేటప్పుడు కూడా ఇలాగే తీసుకురావాలి."

"గట్ల అనకు అవ్వా," అన్నాడు రాజనర్సయ్య. తరువాత, "రా అవ్వా, తప్పకుండ రా," అన్నాడు.

రైలు మలుపు తిరిగేదాకా జీవమణి చెయ్యి ఊపుతూనే ఉంది. మలుపు తిరిగాక కూడా కాసేపు ఊపింది.

మధ్యాహ్నానికి బుచ్చయ్య తీర్పు వచ్చింది. డప్పుతో, నిప్పుతో సాగనంపిన మనిషి అదే గడప దాటి తిరిగి లోపలికి రాకూడదు. వస్తే, మనిషి పోయినదానికంటే ఎక్కువ దోషం. ఆరు నెలలు కాదు, ఇల్లు ఎన్నాళ్ళు మూయాలో పంచాంగంలో కూడా లేదు. మిగతావాళ్ళు ఉండవచ్చు, ఆ ముసలమ్మ మాత్రం రాకూడదు.

రాజనర్సయ్య ఆ మాట చెప్పడానికి వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. దయారత్నం నేలచూపులు చూశాడు. జీవమణి లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె మంచం కింది నుంచి లాగి, పిల్లల బట్టలు అందులో వేయడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నవు బిడ్డా?"

"అత్తయ్యగారు రాకూడని ఇంట్లో మేమెలా ఉంటామండీ? ఆవిడ వస్తానని పిల్లలకి మాటిచ్చింది. నేనూ పిల్లలూ బాపట్ల వెళ్ళిపోతాం. ఆయన బడిలో పడుకుంటారు."

రాజనర్సయ్య ట్రంకుపెట్టె వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి వజ్రమ్మ గొంతు, బుచ్చయ్య గొంతు పక్కింట్లో పోటీపడి వినిపించాయి. గడప గురించే గదా నువ్వు చెప్పింది అని వజ్రమ్మ అంటోంది. గడప గురించే అని బుచ్చయ్య ఒప్పుకుంటున్నాడు. ఆ తరువాత వెనక గది గోడ మీద ఠపీమని దెబ్బ పడింది. సున్నం రాలింది. జీవమణి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. ఇంకో నాలుగు దెబ్బలకు గోడలో రంధ్రం పడి, అందులో రాజనర్సయ్య ముఖం కనబడింది, గడ్డపారతో సహా.

"గా గడప తొక్కొద్దన్నడు గని, ఇంట్లకు రావొద్దనలే. నేను గామెకు రమ్మని మాట ఇచ్చిన. ఈడ దర్వాజ పెడ్త. పెట్టె సర్దుడు బందు చెయ్యి బిడ్డా."

ఆ గోడకు అవతల ఉన్నది రాజనర్సయ్య బర్రెలకొట్టం. తలుపు పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేదు. మగ్దలీనమ్మ ఎత్తు ఎంతో ఎవరికీ సరిగా తెలియక, మంచం పొడవు కొలిచి ద్వారబంధం చేయించారు. వజ్రమ్మ కొత్త గడపకు పసుపు రాసింది. నవోమమ్మ వచ్చి కళ్ళుమూసుకుని ప్రార్థన చేసింది. ఆమె ఏడుస్తున్నంతసేపూ కనకయ్య ఇంటికెళ్ళి కూర్చున్నాడు. హనుమాండ్లు మాత్రం వచ్చి, ముసలమ్మ ఏ రోజు వస్తుందో ముందుగా చెబితే స్టేషనుకు డప్పు తెస్తానని, ఈసారి పెళ్ళి దరువు వేస్తానని చెప్పి వెళ్ళాడు.

బాపట్లలో ఆడపిల్ల పుట్టింది. తరువాత ఎండలు ముదిరాయి. తరువాత పసిదానికి దగ్గు పట్టుకుంది. బర్రె ఒకటి ఆ తలుపుకు అలవాటుపడి, రోజూ సాయంత్రం లోపలికి తలపెట్టి జీవమణి కడిగిన బియ్యం నీళ్ళు తాగి పోయేది.

ఆ తలుపులోంచి మగ్దలీనమ్మ రాలేదు. ఆమె 1943 ఆగస్టులో బాపట్లలో చనిపోయింది.